స్పర్శ లేని మచ్చ

కుష్ఠు నివారణ పథకంలో పారామెడికల్ వర్కర్‌గా చేరి, అందులోనే రిటైరయ్యాను. పగలు ఊళ్లు తిరిగి మచ్చలు చూడటం, రాత్రి చేతికందిన పుస్తకం చదవడం అలవాటు. రోగుల నోట విన్నదీ పుస్తకాల్లో చదివిందీ ఒకదానికొకటి తగిలినప్పుడు నాకు తెలిసివచ్చిన సంగతులివి. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న ఆశా కార్యకర్తలకూ, పిల్లల్ని రోజూ దగ్గరగా చూసే పంతుళ్లకూ చెప్పాలనిపించింది.

1. నొప్పి లేదని ఎవరైనా అంటే అక్కడే ఆగి చూడండి.

మచ్చ ఒంటి రంగు కన్నా కాస్త పాలిపోయి ఉంటుంది. దురద ఉండదు, మంట ఉండదు, కాబట్టి ఎవరూ పట్టించుకోరు. మనిషిని కళ్లు మూసుకోమని, బాల్‌పెన్ కొన మచ్చ మీద మెల్లగా ఆనించి, ఎక్కడ తగిలిందో వేలితో చూపించమంటాం. చూపించలేకపోతే అనుమానించాలి. తర్వాత మోచేతి వెనక, మోకాలి కింద పక్కగా నరాలు తడిమి, లావెక్కాయేమో చూడాలి.

ఎనిమిది వందల ఏళ్ల కిందట జెరూసలేంలో ఒక పంతులు ఇదే పని చేశాడు. ఆయన శిష్యుడు రాజు కొడుకు బాల్డ్విన్. పిల్లలు ఆటల్లో ఒకరి చేతులు ఒకరు గోళ్లతో రక్కుకుంటున్నారు. మిగతావాళ్లు కేకలు పెడుతున్నారు, బాల్డ్విన్ మాత్రం కిక్కురుమనడం లేదు. పిల్లవాడికి ఓర్పు ఎక్కువనుకున్నాడు పంతులు. మళ్లీ మళ్లీ అలాగే జరిగేసరికి దగ్గరికి పిలిచి చూస్తే కుడిచేయి సగం మేర స్పర్శ లేదు. ఆ పంతులే తర్వాత టైర్ నగరానికి ఆర్చిబిషప్ అయిన విలియం. ఇదంతా తన చరిత్ర గ్రంథంలో రాసిపెట్టాడు. బాల్డ్విన్ 1174లో పదమూడేళ్లకే రాజయ్యాడు, 1177లో మోంగిసార్ దగ్గర సుల్తాను సలాదీన్ సేనను ఓడించాడు, పాతికేళ్లు నిండకుండానే 1185లో పోయాడు. హవాయిలోని మొలోకై దీవిలో కుష్ఠు రోగులకు సేవ చేసిన ఫాదర్ డామియన్‌కు కూడా 1884లో మరిగే నీళ్లలో కాలు పడి, నొప్పి తెలియకపోవడంతోనే తన జబ్బు సంగతి ఖాయమైంది.

మన ఇళ్లలోనూ ఇదే. మసిగుడ్డ లేకుండా పొయ్యి మీది గిన్నె దించే ఇల్లాలిని చూసి చుట్టుపక్కలవాళ్లు చేతులు గట్టివని మెచ్చుకుంటారు. నేను మాత్రం ఆ చేతులు ఒకసారి చూపించమ్మా అనేవాణ్ణి.

2. కథను కథగా వినండి, వైద్యాన్ని దాని చేతికివ్వకండి.

మన సాహిత్యంలో ఈ రోగం ఎక్కడ కనిపించినా వెనక ఒక శాపమో పాపమో ఉంటుంది. కృష్ణుడి కొడుకు సాంబుడికి తండ్రి శాపం వల్ల వచ్చింది, సూర్యుణ్ణి కొలిస్తే పోయింది. మారన తెలుగు చేసిన మార్కండేయ పురాణంలో కౌశికుడిది పూర్వజన్మ పాపం. కుష్ఠుతో కుళ్లిపోతున్న ఆ భర్తను వేశ్య ఇంటికి భుజాన మోసుకెళ్లిన ఇల్లాలు, తన పాతివ్రత్యంతో సూర్యోదయాన్నే ఆపేస్తుంది. ఆ ఇల్లాలి పేరు సుమతి అని మన ఆడవాళ్లందరికీ తెలుసు. చిన్నప్పుడు అమ్మ చెబితే విని నేనూ కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ఇప్పటికీ అది గొప్ప కథే.

మా తరానికి మాత్రం పురాణాల కన్నా గట్టిగా నాటుకున్నది ‘రక్తకన్నీరు’ నాటకం. తమిళంలో ఎం.ఆర్. రాధా, తెలుగులో నాగభూషణం ఊరూరా ఆడారు. భార్యను వదిలి వేశ్య పంచన చేరినవాడికి కుష్ఠు వస్తుంది. నాగభూషణం నటన నేను మరిచిపోలేను. కానీ నాటకం చూసి ఇంటికెళ్లిన జనం మనసులో మిగిలింది ఒకటే: తిరుగుబోతులకు వచ్చే రోగం ఇది. నిజానికి ఇది అలా అంటుకునేది కాదు. మందు వాడని రోగి ముక్కునుంచీ నోటినుంచీ వచ్చే తుంపరల ద్వారా, చాలాకాలం కలిసి మెలిసి ఉన్నవాళ్లకు సోకుతుంది. అదీ అందరికీ కాదు. నూటికి తొంభై అయిదు మందికి పుట్టుకతోనే తట్టుకునే శక్తి ఉంటుంది. సోకాక బయటపడటానికి సగటున అయిదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు పడుతుంది. అంత ఆలస్యంగా వచ్చేదానికి ఎవరు ఏ తప్పు చేశారని వెతుకుతాం?

మచ్చ కనబడగానే మగవాడు నా నడత మీద అనుమానపడతారనుకుంటాడు, ఆడపిల్ల నాకు పెళ్లి కాదనుకుంటుంది. ఇద్దరూ చొక్కా కింద, జాకెట్టు కింద దాచుకుంటారు. దాచుకున్న ఆ రెండు మూడేళ్లలోనే నరం దెబ్బతింటుంది. నా సర్వీసులో చూసిన వంకరపోయిన చేతుల్లో ఎక్కువ భాగం సిగ్గుతో ఆలస్యం చేసినవే. అందుకే ఈ కథల మీద నాకు ప్రేమా ఉంది, కోపమూ ఉంది.

మా వైపు చర్మరోగాలున్నవాళ్లు అరసవల్లి సూర్యనారాయణస్వామికి మొక్కుకుంటారు. వెళ్లిరండి, స్వామి చల్లగా చూస్తాడు, ఈ నెల మాత్రలు మాత్రం మానకండి అని చెప్పేవాణ్ణి. ఎవరూ నొచ్చుకోలేదు.

3. భయపడ్డ ఊరు రోగం కన్నా ప్రమాదం.

1321లో ఫ్రాన్సులో, బావుల్లో విషం కలిపారని పుకారు పుట్టించి కుష్ఠు రోగులను సజీవంగా తగలబెట్టారు. ఇంతకన్నా వివరంగా రాయలేను.

4. వేళ్లు ఊడిపోవు. దెబ్బలు తగిలి పోతాయి.

ఈ సంగతిని శస్త్రచికిత్సతో, ఓపికతో రుజువు చేసినవాడు వెల్లూరులో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్. స్పర్శ లేని చేతికి కాలినా తెలియదు, కోసుకున్నా తెలియదు. పడుకున్నప్పుడు ఎలుకలు కొరికినా మెలకువ రాదు. అందుకని ఇళ్లకు వెళ్లే రోగులకు ఆయన పిల్లుల్ని ఇచ్చి పంపేవాడు. చచ్చుబడిన కండరాల బదులు మంచి కండరపు స్నాయువును మళ్లించి, వంకర వేళ్లను మళ్లీ పనిలో పెట్టాడు.

మన చేతిలో ఉన్నవి ఇంకా చిన్న పనులు. రోజూ పాదాలు నీళ్లలో నానబెట్టి, అరికాలి మొద్దుచర్మం రుద్ది, నూనె రాసుకోమనాలి. మెత్తటి రబ్బరుతో చేసిన ఎం.సి.ఆర్. చెప్పులు వేసుకోమనాలి. స్టీలు గ్లాసులో వేడి టీ గుడ్డ పట్టుకుని తాగమనాలి. పొలం నుంచి రాగానే అరికాళ్లు చూసుకోమనాలి. కంటికి ఆనకపోతే మనవణ్ణి చూడమనాలి. ఆపరేషన్ దాకా పోకుండా కాళ్లు నిలబెట్టేవి ఇవే.

5. చూసే హక్కు రోగి ఇచ్చేదే.

1873లో నార్వేలోని బెర్గెన్‌లో ఈ సూక్ష్మజీవిని కనిపెట్టిన హాన్సెన్ మహానుభావుడు. శాపం మాటకు సైన్సు తరఫున జవాబిచ్చినవాడు. అంతటివాడూ ఒక రోగి అనుమతి లేకుండా ఆమె కంట్లో ప్రయోగం చేసి, 1880లో కోర్టు తీర్పుతో ఆసుపత్రి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ తీర్పు న్యాయమైనదే. మనమూ మచ్చ చూడాలని నలుగురిలో చొక్కా విప్పించకండి. ఆడవాళ్లను ఆడవాళ్లే చూడాలి.

6. మందు వచ్చినంత మాత్రాన చట్టం మారదు, మనసూ మారదు.

డిచ్‌పల్లిలో మిషనరీ డాక్టర్ ఇసబెల్ కెర్ దంపతులు కుష్ఠు ఆసుపత్రి నడిపిన రోజుల్లో ఉన్నది చాల్‌మూగ్రా నూనె ఇంజెక్షన్ ఒక్కటే. తర్వాత డాప్సోన్ వచ్చింది. 1980ల్లో మందులు కలిపి ఇచ్చే ఎం.డి.టి. వచ్చాక, పూర్తిగా నయమయ్యే జబ్బయింది; ఇప్పుడు ఆరు నెలలో ఏడాదో వాడితే చాలు. అయినా రోగులను వేరుచేసి ఉంచే 1898 నాటి కుష్ఠు చట్టం 2016 దాకా బతికే ఉంది. కుష్ఠు ఉందని విడాకులు అడిగే వీలు 2019లో గానీ పోలేదు. మాత్రలతో నయమయ్యే జబ్బున్న మనిషిని భార్యో భర్తో వదిలించుకోవడానికి అన్నాళ్లూ చట్టం దారి విడిచిపెట్టింది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాత్రలిచ్చేటప్పుడు రెండు ముక్కలు ముందే చెప్పండి: మూత్రం ఎర్రగా వస్తుంది, అది నెత్తురు కాదు, చర్మం నల్లబడుతుంది, మందు ఆపాక మెల్లగా మామూలవుతుంది. చెప్పకపోతే రెండో నెల ప్యాకెట్ అటక మీదే ఉంటుంది.

7. ముందు మీరు ముట్టుకోండి.

గాంధీగారు సేవాగ్రామంలో కుష్ఠు సోకిన సంస్కృత పండితుడు పర్చురే శాస్త్రికి తన చేతులతో ఒళ్లు మర్దన చేశారు. మీరు అంత చేయక్కర్లేదు. ఆ ఇంటి మంచం మీద కూర్చోండి, ఇచ్చిన మంచినీళ్లు తాగండి. గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న పక్కింటివాళ్లకు మీ ఉపన్యాసం కన్నా అదే ఎక్కువ తెలుస్తుంది.

8. పోయిందనుకోకండి.

ఈ జబ్బు పదివేల మందిలో ఒకరి కన్నా తక్కువకు దిగిందని 2005లో దేశం ప్రకటించుకుంది. ఇవాళ్టికీ ఏటా లక్షకు అటూ ఇటూగా కొత్త రోగులు మన దేశంలో బయటపడుతున్నారు. ప్రపంచం మొత్తంలో సగం పైన ఇక్కడే. చిన్న పిల్లల్లో కొత్త మచ్చ కనబడిందంటే ఆ ఊళ్లో మందు అందని పెద్దవాళ్లు ఎవరో ఉన్నారని అర్థం. ఆ పిల్లవాడికి మాత్రలు మొదలుపెట్టి వచ్చేయకండి. అమ్మానాన్నల్ని, తాతనీ నాయనమ్మనీ, ఇరుగింటినీ పొరుగింటినీ చూడండి. వ్యాధి లేదని తేలినవాళ్లకు ముందుజాగ్రత్తగా ఒక్క మోతాదు రిఫాంపిసిన్ ఇచ్చే పద్ధతి ఇప్పుడుంది, అది అడిగి వేయించండి. తాత నాకేం లేదు పొమ్మంటాడు. ఆయన దగ్గరే ఎక్కువసేపు కూర్చోండి.