గడప నేర్పే వైద్యం

వైద్యవిద్యార్థులు మొదట మానవదేహాన్ని అధ్యయనం చేస్తారు. ఆ దేహం ఎటువంటి ఇంట్లో నివసించిందో, ఏ నీరు తాగిందో శవచ్ఛేదనశాల చెప్పదు. ఈ లోటును పాఠ్యప్రణాళికలోనే పూరించడానికి పూనుకొన్న కళాశాల ఒకటి మహారాష్ట్రలో, వార్ధా సమీపాన సేవాగ్రామ్‌లో ఉంది. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, ఒకప్పుడు ఆయనకు వ్యక్తిగత వైద్యురాలైన డాక్టర్ సుశీలా నయ్యర్ దానిని స్థాపించారు. అక్కడ చేరిన విద్యార్థులు ముందుగా కొన్నాళ్ళు గాంధీ ఆశ్రమంలో గడుపుతారు. శ్రమదానం, నూలు వడకడం నాటి దినచర్యలో భాగాలు. పిదప ఒక గ్రామంలో శిబిరం. ఒక్కొక్కరికి కొన్ని కుటుంబాలను అప్పగిస్తారు. శిబిరం ముగిసినా ఆ గడపలకు మళ్ళీ మళ్ళీ వెళ్ళవలసిందే.

గడప నేర్పేదేమిటో చెప్పడానికి రక్తహీనత చక్కని ఉదాహరణ. గర్భిణికి 180 రోజులు ఇనుము మాత్రలు ఇవ్వాలని వైద్యగ్రంథం చెబుతుంది. ప్రభుత్వం వాటిని ఉచితంగానే ఇస్తుంది. అయినా చాలా ఇళ్ళలో అవి డబ్బాలోనే మిగిలిపోతాయి. మాత్ర మింగితే వికారం పుడుతుంది, మలం నల్లబడుతుంది. ఏదో కీడు జరుగుతున్నదని ఆమె భయపడుతుంది. బిడ్డ మరీ ఎదిగితే కాన్పు కష్టమవుతుందని ఇంటి పెద్దలు వారించడమూ ఉంది. ఆస్పత్రిలో రెండు నిమిషాలు చూసి పంపించే వైద్యునికి ఆ డబ్బా కనిపించదు. "మాత్రలు వేసుకొంటున్నావా అమ్మా?" అని అడిగితే "వేసుకొంటున్నానండీ" అనే సమాధానం వస్తుంది. మలం రంగు మారడం ప్రమాదం కాదనీ, నిమ్మరసం ఇనుమును ఒంటికి పట్టిస్తుందనీ, టీ అందుకు అడ్డుపడుతుందనీ ఇంటిల్లిపాదితో కూర్చొని చెప్పేవారు కావాలి.

2021-22లో చేరిన విద్యార్థులు మొదలుకొని జాతీయ వైద్య కమిషన్ దేశమంతటా కుటుంబ దత్తత కార్యక్రమాన్ని ప్రవేశపెట్టింది. తెలుగు రాష్ట్రాల కళాశాలలకూ ఇది వర్తిస్తుంది. దత్తత అన్న మాట మాత్రం అంతగా అతకదు. ఎవరో తెలియని పిల్లలను కూర్చోబెట్టి తమ రాబడి, అప్పు, జబ్బు విప్పి చెప్పేది ఆ కుటుంబమే. నిజానికి గురుస్థానం దానిది.

చిక్కంతా ఆచరణలోనే ఉంది. కూలికి పోయేవారి ఇంటికి పగటిపూట వెళితే తాళమే స్వాగతం చెబుతుంది. మార్కుల కోసం రికార్డు నింపుకొని పోయేవారిని ఊరు ఇట్టే గుర్తిస్తుంది. ఒక వృద్ధునికి రక్తపోటు ఎక్కువగా ఉందని మొదటిసారి రాసుకొన్న విద్యార్థి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు దొరికిందా, దానిని ఆయన వాడుతున్నాడా అని రెండవసారి అడగకపోతే, మూడవసారికి ఆ ఇంట పీట వేసేవారుండరు.