ప్రేక్షణీయ ప్రదానము: నాటకపోషణలో దాతృధర్మ విచారము

విషయము

కవి యొక్కడు తాటియాకును గంటమును చేకొని కావ్యము వ్రాయగలడు. నాటకప్రయోగ మట్టిది కాదు. రంగము, నేపథ్యము, వాద్యము, దీపము, ప్రయాణము అన్నియు ధనసాధ్యములు. అందువలన నాటకము పుట్టిన నాటినుండియు దాతను ఆశ్రయించియే యున్నది. ఆ దాతకు నాటకముపై నెంతవరకు అధికారము కలదను ప్రశ్నయు అంత ప్రాచీనమైనదే.

ఈ ప్రశ్న నేడు తీవ్రముగా ఎదురగు ప్రదేశములలో గోదావరీతీరమందలి రామగుండము ఒకటి. అచ్చటి తాపవిద్యుత్కేంద్రమునకు 1978లో శంకుస్థాపన జరిగినది. ఏడు యూనిట్లతో 2,600 మెగావాట్ల సామర్థ్యమునకు ఎదిగిన ఆ ఎన్.టి.పి.సి. కేంద్రమున పనిచేయువారి నివాసనగరము జ్యోతినగర్. సమీపముననున్న గోదావరిఖని సింగరేణి గనుల పట్టణము. 1920లో నేటి పేరు దాల్చిన సింగరేణి సంస్థలో తెలంగాణ రాష్ట్రమునకు 51 శాతము, కేంద్రమునకు 49 శాతము వాటాలు గలవు. ఈ గనుల బొగ్గే ఆ కేంద్రమునకు ఇంధనము.

ఇట్టిచోట నాటకము చూడవచ్చువాడు గనికార్మికుడో, విద్యుత్కేంద్రోద్యోగియో, వారి కుటుంబీకుడో, గనికొరకు భూమిని విడిచిన రైతో కావచ్చును. వేషము కట్టువాడును వారిలో నొకడు కావచ్చును. ప్రదర్శనకు ద్రవ్యమునో సభాభవనమునో ఇయ్యగల శక్తి ముఖ్యముగా వారికి వేతనమిచ్చు సంస్థకును, దానితో వ్యాపారము చేయు గుత్తేదారులకును ఉండును. సంస్థ ప్రభుత్వరంగమునకు చెందినను, దాత స్వంతవ్యాపారియైనను, ఇచట విచారింపవలసిన న్యాయ మొక్కటియే.

సంశయము

నాటకమునకిచ్చిన ధనము దానమా, మూల్యమా? మూల్యమైనచో కొన్నవానికి వస్తువుపై అధికారముండుట సహజము. దానమైనచో ఇచ్చిన పిమ్మట దాతకు దానిపై స్వత్వము లేదు.

పూర్వపక్షము

ఇది దానము కాదని పూర్వపక్షి వాదము. మనుస్మృతి చతుర్థాధ్యాయము శైలూషుని అన్నమును నిషేధించినది. అష్టమాధ్యాయము తండ్రి మాటయిచ్చిన వృథాదానమును కుమారుడు చెల్లింపనక్కరలేదన్నది. పరిహాసకాదులకు చేసిన వాగ్దానములను వ్యాఖ్యాత లిందు చేర్చిరి. కావున నటుడు దానపాత్రుడు కాడు. అతనికిచ్చునది వినోదమునకు వెల మాత్రమే. శ్రీహర్షునివలన ధావకాదులు ధనము పొందిన ఉదంతమును కావ్యప్రయోజనములలో మమ్మటుడు పేర్కొనుటయు దీనికి తోడగుచున్నది. పైగా ధనము పుచ్చుకొని దాతకు నొప్పి కలిగించు ఇతివృత్తము నాడుట తిన్నింటివాసాలు లెక్కపెట్టుట వంటిదనియు వారందురు.

సిద్ధాంతము

ఈ వాదము ప్రతిగ్రహీత యెవడను విషయమున పొరబడినది. నాట్యశాస్త్రము చివరి అధ్యాయమున భరతుడు సర్వదానములలో ప్రేక్షణీయ ప్రదానమును ప్రశంసించెను. ఆ పదమునందే సమాధానమున్నది. ఇచట ఇయ్యబడునది ప్రేక్షణీయము, అనగా చూడదగిన ప్రయోగము. దానిని గ్రహించువాడు నటుడు కాడు, ప్రేక్షకుడు. నటునికి ముట్టునది శ్రమకు తగిన వేతనము.

అన్నసత్రమును చూచిన ఈ భేదము తేటపడును. సత్రమునకు ధాన్యమిచ్చినవాడు వంటవానికి దానము చేసెనని ఎవరును అనరు. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టెననియే అందురు. వంటవాడు దానపాత్రుడా కాడా యను చర్చకు అచట తావులేదు. ధాన్యమిచ్చితినను కారణమున విస్తరిలో వడ్డించిన కూరను తీసివేయుటకును దాతకు అధికారము లేదు.

తన స్వత్వమును తొలగించుకొని పరునకు స్వత్వము కలిగించుటయే దానమని ధర్మశాస్త్రజ్ఞుల నిర్వచనము. ఇచ్చినదానిని మరల గైకొను వివాదమును నారదుడు దత్తాప్రదానికమను పేర ప్రత్యేకవ్యవహారపదముగా పరిగణించెను. దాత ఏ నాటకమునకును ఈయకుండవచ్చును. హరిశ్చంద్రనాటకమునకే ఇచ్చెదనని ముందుగా చెప్పవచ్చును. అది ఉద్దేశకథనము. కాని ఇచ్చిన పిమ్మట ఒక రంగమును తొలగింపుమనుట నటుని శాసించుట మాత్రమే కాదు, ప్రేక్షకునికిచ్చినదానిని మరల గైకొనుటయు నగును.

ఇక కృతఘ్నతాదోషము. దీనికి నాట్యశాస్త్ర ప్రథమాధ్యాయ కథయే సమాధానము. మహేంద్రుని ధ్వజోత్సవమున, దేవతలు దైత్యులను జయించిన వృత్తాంతమే ఇతివృత్తముగా తొలి నాటకము ప్రవర్తిల్లెను. సంతుష్టులైన దేవతలు కానుక లిచ్చిరి. ఇంద్రుడు ధ్వజమును, వరుణుడు భృంగారమును, సూర్యుడు ఛత్రమును, వాయువు వ్యజనమును, కుబేరుడు మకుటమును ఒసగిరి. ఉత్సవము దాతలది. కథయు దాతల విజయగాథయే. సభలోనున్న దైత్యులకు అది అవమానమయ్యెను. విరూపాక్షుడు మొదలగు విఘ్నులు నటుల వాక్కును, చేష్టను, స్మృతిని స్తంభింపజేసిరి.

ఇంద్రుడు తానిచ్చిన ధ్వజముతోనే విఘ్నులను కొట్టెను. ఆ ధ్వజమే జర్జరమయ్యెను. దాతయిచ్చిన వస్తువు నటుని అదుపుచేయు సాధనము కాక రంగరక్షకమైనదనుట గమనింపదగినది. కాని బ్రహ్మ దండముతో తృప్తిపడక విరూపాక్షుని కోపకారణము నడిగెను. ఈ నాట్యము దేవతల కొరకే చేసితివనియు, దేవదైత్యులిరువురును నీవలననే పుట్టిరనియు అతడు పలికెను. నాట్యము మీకుగాని దేవతలకుగాని ప్రత్యేకించినది కాదనియు, అది త్రైలోక్యభావముల అనుకీర్తనమనియు బ్రహ్మ సమాధానపరచెను. దాతల ఎదుటనే నాట్యము దాతల సొత్తు కాదని తేల్చినను ఏ దేవతయు తన కానుకను మరల గైకొనలేదు. ఇక కృతఘ్నత యెక్కడిది?

చతుర్థాధ్యాయమున అమృతమంథన ప్రయోగము వచ్చును. దానిని చూచి దేవదానవు లందరును హర్షించిరని భరతుడు చెప్పెను. ఒకే త్రాటిని ఇరుపక్షములును లాగిన కథ యది. శ్రమించిన ఉభయులును అందు తమ్ము చూచుకొనగలిగిరి.

వ్యవస్థ

దాతృప్రేక్షక సంబంధమునుబట్టి నాటకపోషణము త్రివిధము. మొదటిది ప్రేక్షకులే దాతలైనది. కౌటిల్యుడు తృతీయాధికరణమున గ్రామప్రేక్షకు అంశము నియ్యనివాడు తనవారితో గూడ దానిని చూడరాదనియు, చాటుగా చూచినను విన్నను రెట్టింపు అంశము చెల్లింపవలెననియు విధించెను. తెలంగాణమున మాదిగల నాశ్రయించిన చిందువారు, పద్మశాలీల నాశ్రయించిన కూనపులివారు కులపురాణములను ప్రదర్శించి మిరాశి హక్కుగా ప్రతిఫలము పొందుచువచ్చిరి. అచట దాత తన కులకథనే వినును. నటుని రాబడియు దయాభిక్ష కాక హక్కు. 1885లో కడపమండలపు సురభిలో పుట్టిన నాటకసమాజము టిక్కెట్టునకు వచ్చు ప్రేక్షకుని నమ్మి బ్రదికినది.

రెండవది దాత యొకడు, ప్రేక్షకులు వేరొకరు అయినది. 1892లో విజయనగరమున కన్యాశుల్కము ఆనందగజపతి ప్రభుపోషణమున ప్రదర్శింపబడినది. 1897లో అచ్చైన ఆ నాటకము ఆయనకే అంకితము. దాత అభిప్రాయమును కవి అభిప్రాయమును ఏకమగుటచే అచట సంఘర్షము లేదు. ప్రభువు గతించిన పిమ్మట 1909లో గురజాడ దానిని మిక్కిలి విస్తరించి మరల వెలువరించెను. దాత కాలముతో నాటకము ముగిసిపోలేదు.

మూడవది దాతయే నటునికిని ప్రేక్షకునికిని యజమాని యైనది. బొగ్గుసీమ ఇట్టిది. ఇచట దాత నోరు విప్పి ఆజ్ఞాపింప నక్కరలేదు. గనిప్రమాదమును గూర్చిన రంగమును సమాజమే ముందుగా తీసివేయును. ధూళిని గూర్చిన సంభాషణను నటుడే మ్రింగివేయును. దాత నిర్దోషియే కావచ్చును. ప్రేక్షకునికి మాత్రము నష్టము వాటిల్లినది. విఘ్నులు చేసిన వాక్స్తంభనము విఘ్నులు లేకయే జరిగినది. ఇట్టి నష్టమునకు ఫిర్యాదు చేయువాడును ఉండడు, ఏలయన తనకు ఏమి దక్కలేదో ప్రేక్షకుడెరుగడు.

ఆధునిక శాసనమును ఈ భేదములను కొంతవరకు గుర్తించినది. 2013 నాటి కంపెనీల చట్టము 135వ సెక్షను నిర్ణీత పరిమాణము గల సంస్థలు గత మూడేండ్ల సగటు నికరలాభములో 2 శాతమును సామాజిక బాధ్యతకు వినియోగింపవలెనన్నది. ఏడవ షెడ్యూలున కళాసంస్కృతులు చేరియున్నవి. కాని 2021లో సవరించిన నియమములు సరకుల ప్రచారలాభముకొరకు చేయు స్పాన్సర్‌షిప్పును, సంస్థ ఉద్యోగులకు ప్రయోజనము కలిగించు కార్యములను ఆ లెక్కనుండి తొలగించినవి. ప్రత్యుపకారాపేక్షతో ఇచ్చినది రాజసదానమని గీత సప్తదశాధ్యాయము చేసిన విభాగమునకు ఇది సన్నిహితము. ఇతివృత్తముపై ఒత్తిడిని గూర్చి మాత్రము ఈ నియమములు మౌనము వహించినవి. ఆ లోటును నాటకసమాజమే పూరించుకొనవలెను.

ఈ చిక్కు మనదేశమునకే పరిమితము కాదు. ఇంగ్లండునందలి రాయల్ షేక్స్‌పియర్ కంపెనీ యువకులకు 5 పౌండ్ల టిక్కెట్ల పథకమునకు బి.పి. చమురు సంస్థ సాయము పొందెడిది. ఆ టిక్కెట్లు ఎవరికొరకు ఉద్దేశింపబడెనో ఆ యువకులే అభ్యంతరము చెప్పగా 2019లో ఆ సంబంధమును విడిచినది. దానఫలము తనదైన ప్రేక్షకుడు దాతను విచారింపవచ్చునని దీనివలన తెలియుచున్నది.

ప్రయోజనము

ఈ విచారమువలన ఆచరణమునకు కొన్ని నియమములు లభించుచున్నవి. ఇతివృత్తము నిశ్చితమైన పిమ్మటనే దాతను అర్థింపవలెను. దాత పేరు ప్రకటనలో ఉండవచ్చును గాని పాత్రల నోట రారాదు. ఎవరెంత ఇచ్చిరో ప్రదర్శనదినమున ప్రేక్షకులకు తెలుపవలెను. ఎంత స్వల్పమైనను ప్రేక్షకుల అంశము తప్పక ఉండవలెను. రూపాయి యిచ్చినవాడును దాతయే గావున నాటకము ఒక్కరి సొత్తన్న భావము దానిచే సడలును. ఏ సంస్థ కార్యమే ఇతివృత్తమో ఆ నాటకమునకు ఆ సంస్థ ధనమును స్వీకరింపరాదు. సభాభవనము అవసరమైనచో నిర్ణీతమగు అద్దె చెల్లించి పుచ్చుకొనవలెను.

దాతకును ఒక ధర్మము కలదు. తనకు నచ్చని రంగమును సభలో కూర్చుండి చూడగలుగుటయే ప్రేక్షణీయ ప్రదానమునకు పరిపూర్తి. జ్యోతినగర్ రంగస్థలముపై నటుడొకడు గనిలో అన్నను కోల్పోయిన తమ్ముని పాత్ర ధరించెననుకొందము. ముందువరుసలో గని అధికారి, వెనుకవరుసలో అట్టి తమ్ముడే కూర్చుండియుందురు. ఇరువురును కడవరకు లేవక చూచినచో ఆ దానము సఫలము. ఆ పాత్రయే రంగము నెక్కకుండ పోయినచో వ్యయమైన ధనమెంతయైనను దానము జరుగలేదనియే నిర్ణయము.