అగ్గిపుల్ల తినేసిన దవడలు

మీ వంటింట్లో పొయ్యి దగ్గరో దేవుడి గూట్లోనో ఒక అగ్గిపెట్టె ఉంటుంది. తెచ్చి చూడండి. పెట్టె పక్కన ముదురు గోధుమరంగు పట్టీ ఉంటుంది. పుల్లను దానిమీద గీస్తే భగ్గున మండుతుంది. గరుకు గోడమీద గీస్తే సాధారణంగా మండదు. (పెద్దవాళ్లు దగ్గరున్నప్పుడే గీసి చూడండి సుమా!) పుల్లకు ఆ పట్టీయే ఎందుకు కావాలి? దీని వెనుక ఒక భయంకరమైన కథ ఉంది.

1669లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో హెన్నిగ్ బ్రాండ్ అనే రసవాది మూత్రం నుంచి బంగారం తీయాలనుకున్నాడు. రెండూ పసుపుపచ్చగానే ఉంటాయి కదా! పీపాలకొద్దీ మూత్రం పోగుచేసి, మరిగించి, అడుగున మిగిలిన ముద్దను గట్టిగా కాల్చాడు. బంగారం రాలేదు గాని, చీకట్లో మెరిసే మైనంలాంటి పదార్థం వచ్చింది. అదే భాస్వరం. ఫాస్ఫరస్ అనే గ్రీకు మాటకు ‘వెలుగు తెచ్చేది’ అని అర్థం. మన భాస్వరం అన్న మాటకూ ‘ప్రకాశించేది’ అనే అర్థం.

బ్రాండుకు దొరికినది తెల్ల భాస్వరం. దాని అణువులో నాలుగు పరమాణువులు చతుర్ముఖి ఆకారంలో ఉంటాయి. బంధాల మధ్య కోణం 60 డిగ్రీలే. వంచి పట్టుకున్న వెదురుబద్దలాగా ఆ బంధాలు ఎప్పుడూ బిగువుగా ఉంటాయి. అందుకే గాలిలో 30 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే చాలు, అంటుకుంటుంది. మన ఎండాకాలం వేడి అంతకంటే ఎక్కువే! అందుకని దాన్ని నీళ్లలో ముంచి ఉంచుతారు.

ఇంత తేలికగా మండేది అగ్గిపుల్లకు అక్కరకు రాదా? 1830 ప్రాంతంలో ఫ్రాన్సులో శార్ల్ సోరియా తెల్ల భాస్వరంతో పుల్లలు చేశాడు. గోడకు గీసినా, చెప్పుకు గీసినా వెలిగేవి. యూరప్ అంతటా కర్మాగారాలు లేచాయి.

కొన్నేళ్లకు ఆ కర్మాగారాల్లో ఒక వింత జబ్బు కనిపించింది. ముందు పంటినొప్పి. తర్వాత చిగుళ్ల వాపు, చీము. ఆపైన దవడ ఎముక బతికుండగానే కుళ్లిపోయేది. ఆ దుర్వాసనకు ఇంట్లోవాళ్లే దగ్గర కూర్చోలేకపోయేవారు. వైద్యులు చేయగలిగిందల్లా దవడను కోసి తీసివేయడమే. 1845లో వియన్నా వైద్యుడు లోరిన్సర్ దీనికి కారణం భాస్వరపు ఆవిరి అని వెల్లడించాడు. కార్మికులు పనిచేసే చోటే అన్నం తినేవారు. విషం చేతికీ, తిండికీ, పుచ్చిన పంటికీ అంటేది.

అదే 1840లలో, అదే వియన్నాలో, ష్రోటర్ అనే శాస్త్రజ్ఞుడు గాలి తగలకుండా తెల్ల భాస్వరాన్ని వేడిచేసి ఎర్ర భాస్వరం తయారుచేశాడు. అందులో పరమాణువులు గొలుసుల్లా అల్లుకుని ఉంటాయి. ఆవిరి రాదు, విషమూ కాదు. దాన్ని పెట్టె పక్కకు పూసి, పుల్లకు మాత్రం పొటాషియం క్లోరేటు, గంధకం వంటివి పట్టించి, స్వీడన్‌లో లుండ్‌స్ట్రోమ్ సోదరులు క్షేమకరమైన అగ్గిపెట్టెలు అమ్మసాగారు. మీ చేతిలో ఉన్నది అదే.

మరి జబ్బు అంతటితో ఆగిందా? లేదు! తెల్ల భాస్వరం పుల్ల చౌక. లండన్‌లోని బ్రయంట్ అండ్ మే కంపెనీ క్షేమకరమైన పెట్టెలకు 1855లోనే బ్రిటిష్ పేటెంటు కొన్నది. అయినా తెల్ల పుల్లలు మానలేదు. అక్కడ పనిచేసేవారిలో చాలామంది మీ వయసు ఆడపిల్లలు. మాట్లాడితే జరిమానా, కాళ్లు మురికిగా ఉంటే జరిమానా. 1888 జూన్‌లో ఒక వనిత ఈ సంగతులు పత్రికలో రాసింది. జూలైలో సుమారు 1,400 మంది పని ఆపేశారు. రెండు వారాల్లో గెలిచారు. జరిమానాలు పోయాయి, తిండికి వేరే గది వచ్చింది. నా దృష్టిలో ఆ గదే పెద్ద విజయం. ఆ వ్యాసం రాసిన వనిత ఎవరనుకున్నారు? అనీబిసెంట్! మన మదనపల్లెలో 1915లో కళాశాల స్థాపించిన ఆమే.

అయినా తెల్ల భాస్వరం పోలేదు. దవడ జబ్బు కేసులు దాచినందుకు 1898లో కోర్టు ఆ కంపెనీకి జరిమానా వేసింది. పాతిక పౌండ్ల చిల్లర! 1901లో గాని కంపెనీ దాన్ని మానలేదు. 1906లో బెర్న్ నగరంలో కొన్ని దేశాలు నిషేధ ఒప్పందం చేసుకున్నాయి. మన దేశంలో 1913లో చట్టం వచ్చింది. ఎర్ర భాస్వరం తెలిసిన అరవై ఏళ్లకు పైగా గడిచాక!

ఈ జబ్బు ఇటీవల మరో రూపంలో కనిపించింది. ఎముకలు గుల్లబారకుండా ఇచ్చే బిస్‌ఫాస్ఫొనేట్ మందులు వాడినవారిలో కొద్దిమందికి, పన్ను తీయించుకున్న తర్వాత దవడ ఎముక చచ్చుబడుతున్నదని 2003లో అమెరికా వైద్యులు గమనించారు. ఆ మందుల అణువులోనూ భాస్వరం ఉంది. మీ నాయనమ్మ పన్ను తీయించుకోవడానికి వెళ్లినప్పుడు, డాక్టరుగారు ‘ఎముకల మందులేమైనా వాడుతున్నారా?’ అని అడిగితే, ఎందుకు అడిగారో ఇంటికొచ్చాక మీరు ఆమెకు చెప్పవచ్చు.