కానోలో ఆగిన పోలియో చుక్కలు



హజ్ యాత్రికులకు ప్రయాణానికి ముందు పెట్టే టీకాల శిబిరంలో మెనింజైటిస్ టీకాతో పాటు నోట్లో పోలియో చుక్కలు కూడా వేస్తారు. "ఇవి పసిపిల్లల చుక్కలు కదమ్మా, డెబ్బై ఏళ్ల నాకెందుకు?" అని పెద్దవాళ్లు నర్సును అడుగుతూనే ఉంటారు. నర్సుకు వెనక ఇంకా వంద మంది వరుసలో ఉంటారు. "రూలు బాబాయ్, నోరు తెరవండి" అనేసి పని కానిస్తుంది.

ఆ ప్రశ్న అడిగినందుకు పెద్దాయనను తప్పుపట్టలేం. పోలియో వైరస్ మనిషి పేగుల్లో పెరుగుతుంది. పెద్దవాళ్లలో చాలాసార్లు ఏ జబ్బూ బయటపడదు, కానీ వాళ్లతో పాటే దేశాలు దాటిపోతుంది. లక్షలాది మంది ఒకేచోట చేరే హజ్‌లో అది మరింత సులువు. ఒక ఊళ్లో చుక్కలు ఆగితే ఎంత దూరం నష్టం జరుగుతుందో ఉత్తర నైజీరియాలోని కానో నగరం ప్రపంచానికి చూపించింది. ఆ సంగతి డబ్బిచ్చే మనలాంటి వాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఎందుకంటే అక్కడ కొరత పడింది డబ్బుకు కాదు.

ముందుగా ఆ డబ్బు ఎవరిదో చెప్పుకుందాం. మన ఊళ్లలో రోటరీ క్లబ్ అంటే కంటి శిబిరం, రక్తదానం, వేసవిలో చలివేంద్రం గుర్తొస్తాయి. 1905లో చికాగోలో పాల్ హారిస్ అనే న్యాయవాది మొదలుపెట్టిన సంస్థ అది. సభ్యులు వ్యాపారులు, డాక్టర్లు, ప్లీడర్లు. వారం వారం కలుస్తారు, భోంచేస్తారు, చందాలు వేసుకుంటారు. అలాంటి క్లబ్బులు 1979లో ఫిలిప్పీన్స్‌లో 60 లక్షల మంది పిల్లలకు పోలియో చుక్కలు వేసే పనికి పూనుకున్నాయి. 1985లో ప్రపంచమంతటా ఆ పని చేయాలని పోలియోప్లస్ అనే పథకం ప్రకటించాయి. 12 కోట్ల డాలర్లు కావాలనుకుంటే 1988 నాటికి 24 కోట్లకు పైగా వచ్చాయి. ఆ ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ కూడా కలిశాయి. అప్పటికి 125 దేశాల్లో ఏటా సుమారు 3,50,000 మంది పిల్లలు పోలియో బారిన పడుతున్నారు. 2003 నాటికి ఆ సంఖ్య వెయ్యి లోపుకు దిగింది.

సరిగ్గా అప్పుడే కానోలో పని ఆగిపోయింది. 2003 ఆగస్టులో కానోతో పాటు మరికొన్ని ఉత్తర రాష్ట్రాలు చుక్కలు వద్దన్నాయి. వాటిలో ఆడపిల్లలకు పిల్లలు పుట్టకుండా చేసే మందు కలిపారని, ముస్లింల సంఖ్య తగ్గించడానికే ఇది అని ప్రచారం జరిగింది. అన్నవాళ్లలో చదువుకున్నవాళ్లు, డాక్టర్లు కూడా ఉన్నారు.

"చదువు లేని జనం, మతపిచ్చి" అని అప్పట్లో చాలామంది తేల్చేశారు. నాకైతే అది సోమరితనపు మాట అనిపిస్తుంది. 1996లో కానోలో మెనింజైటిస్ ప్రబలినప్పుడు ఒక పెద్ద విదేశీ మందుల కంపెనీ 200 మంది పిల్లల మీద మందు పరీక్ష జరిపింది. వారిలో 11 మంది చనిపోయారు. రోగం వల్లే పోయారని కంపెనీ వాదించింది. తల్లిదండ్రులేమో ఇది పరీక్ష అని తమకు సరిగా చెప్పనే లేదన్నారు. కేసు ఏళ్ల తరబడి నడిచింది. బిడ్డను పోగొట్టుకున్న వీధిలోకి ఏడేళ్ల తర్వాత మళ్లీ విదేశీ మందు వస్తే తలుపు మూసుకోవడంలో వింతేముంది?

ఇంకో ప్రశ్న కూడా ఇంటింటా వినిపించింది. బిడ్డకు మలేరియా జ్వరం వస్తే ఆస్పత్రిలో మందు ఉండదు, కొనుక్కోమంటారు. తట్టుకు దిక్కులేదు. ఎవరూ అడగని పోలియో చుక్కలు మాత్రం నెల తిరక్కుండా గడప దగ్గరికి వస్తాయి, పైగా ఉచితం. ఎందుకు? ఈ ప్రశ్నకు చుక్కల పెట్టె పట్టుకొచ్చిన కుర్రాడి దగ్గర జవాబు లేదు. అతనికి నేర్పింది రెండు చుక్కలు వేసి, బిడ్డ వేలికి సిరా గుర్తు పెట్టి, గోడ మీద సుద్దతో రాసి వెళ్లడమే.

మందును విదేశీ ల్యాబుల్లో పరీక్ష చేయించారు. రాజకీయ నాయకులు, ఉలమా, ముస్లిం దేశాల ప్రతినిధులు మాట్లాడుకున్నారు. చివరకు ముస్లిం దేశమైన ఇండోనేషియాలో తయారైన చుక్కలు తెప్పిస్తామంటే కానో ఒప్పుకుంది. 2004 జూలై చివర రాష్ట్ర గవర్నర్ అందరి ముందు తన బిడ్డకు చుక్కలు వేయించారు.

కానీ పదకొండు నెలల ఆలస్యం జరిగిపోయింది. ఉత్తర నైజీరియా వైరస్ దాదాపు 20 దేశాలకు పాకింది. సూడాన్‌కు, యెమెన్‌కు వెళ్లింది. 2005లో ఇండోనేషియాకూ చేరింది. పదేళ్లుగా పోలియో లేని ఆ దేశంలో 300 మందికి పైగా పిల్లలకు కాళ్లు చచ్చుబడ్డాయి. మొదటి కేసు పశ్చిమ జావాలోని సుకబూమి జిల్లాలో. కానో నమ్మిన చుక్కలు తయారైన బాండుంగ్ నగరం కూడా ఆ రాష్ట్రంలోదే. సౌదీ ప్రభుత్వం పోలియో ఉన్న దేశాల యాత్రికులకు చుక్కల నిబంధన బిగించింది కూడా ఆ రోజుల్లోనే.

ఆ తర్వాత నైజీరియాలో జరిగిన పని గురించి ఎక్కువగా చెప్పాలి. పరదేశి మనిషి పక్కకు తప్పుకుని స్థానికులు ముందుకొచ్చారు. నైజీరియా రోటరీ క్లబ్బుల్లోని అక్కడి డాక్టర్లు, వ్యాపారులు ఉలమా దగ్గరికి, గ్రామ పెద్దల దగ్గరికి వెళ్లి కూర్చున్నారు. సొకోటో సుల్తాన్ సహా ఉత్తరాది సంప్రదాయ పెద్దలు 2009 నుంచి ఈ పనిని తమ భుజాన వేసుకున్నారు. ముస్లిం మహిళా సంఘాల వాళ్లు, మగవాళ్లు అడుగుపెట్టకూడని లోగిళ్లలోకి వెళ్లి తల్లులతో మాట్లాడారు. చిన్నప్పుడు పోలియో వచ్చి చేత్తో తిప్పే మూడు చక్రాల బండ్ల మీద బతుకుతున్న వాళ్లు వీధి వీధికీ వచ్చి, "నన్ను చూడండి, మీ బిడ్డకు ఇది కావాలా?" అన్నట్టుగా నిలబడ్డారు. వాళ్లను మించిన ఉపన్యాసకులు ఉంటారా?

పుట్టిన ఏడో రోజున పేరు పెట్టే వేడుక అక్కడా ఉంది, మన అఖీఖా లాగే. ఊరి మహిళా కార్యకర్తలు ఏ ఇంట్లో వేడుక ఉందో తెలుసుకుని వెళ్లేవారు, పసిబిడ్డ పేరు పుస్తకంలో రాసుకునేవారు. చుక్కల రోజున మలేరియా మందులు, సబ్బులు కూడా ఇచ్చే శిబిరాలు పెట్టారు. పాత ప్రశ్నకు అదే జవాబైంది.

ఇదంతా తేలిగ్గా జరగలేదు. 2013 ఫిబ్రవరిలో కానోలో చుక్కలు వేసే మహిళలను తుపాకులతో కాల్చి చంపారు. మిగిలినవాళ్లు మళ్లీ వీధుల్లోకి వచ్చారు. 2016లో బోర్నో రాష్ట్రంలో దొరికిన కేసులే ఆ దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసులు. 2020 ఆగస్టు 25న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆఫ్రికా ప్రాంతం ఆ వైరస్ నుంచి బయటపడిందని ప్రకటించారు. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో పోరాటం ఇంకా సాగుతోంది.

మన దేశంలోనూ పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఇదే అనుమానం, ఇదే మందు. అలీగఢ్ విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా వాళ్లు కలిశారు. రోటరీ ఉలమాతో కమిటీ వేసింది. మస్జిద్ మైకుల్లో చుక్కల రోజు ప్రకటన వినిపించింది. మన చివరి కేసు 2011 జనవరిలో, హౌరాలో.

ఇప్పుడు మన లెక్కల పుస్తకం తెరుద్దాం. వైద్య శిబిరానికి మందులు కొంటామంటే ఏ దాతా వెనకాడడు. "వివరించి చెప్పే మనిషికి ఆటో ఖర్చు, రోజు భత్యం" అని ఒక పద్దు రాస్తే మాత్రం "ఇది దుబారా కాదా?" అంటారు. షుగర్ ఉన్నవాళ్లకు నెల రోజుల మాత్రలు పంచుతాం. బాగుందనిపించగానే పదిహేను రోజులకే మానేస్తారు, జీవితాంతం వాడాలని ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు కాబట్టి. రమజాన్‌లో ఇన్సులిన్ వేసుకుంటే రోజా పోతుందా అన్న ప్రశ్న డాక్టరును అడగరు, ఇమాం సాబ్‌ను అడుగుతారు. షుగర్ పడిపోతే రోజా విరమించాలా వద్దా అన్నదీ అంతే. ఇద్దరూ ఒకే వేదిక మీద జవాబు చెప్పే ఏర్పాటుకు అయ్యే ఖర్చు ఒక పూట మందుల ఖర్చంత కూడా ఉండదు.

దీనికి జకాత్ వాడొచ్చా అని అడుగుతారు. జకాత్ పద్దులు ఖుర్ఆన్ నిర్ణయించినవి. దాన్ని పేదల చికిత్సకే ఉంచి, ఈ పనికి లిల్లాహ్, సదఖా సొమ్ము వాడటం జాగ్రత్తైన దారి. మిగతాది మీ ఆలిమ్‌ను అడగండి. సమావేశం పెట్టదలిస్తే షాబాన్ నెలలోనే పెట్టాలి, మొదటి రోజా గడిచాక లాభం లేదు. ఈసారి హజ్ టీకాల శిబిరంలో కూడా నర్సు పక్కన కుర్చీ వేసుకుని, ఆ పెద్దాయన అడిగిన దానికి తీరిగ్గా జవాబు చెప్పగల ఇద్దరు వాలంటీర్లు కావాలి, ఒకరు మహిళ అయితే మేలు.