శామీర్‌పేటకి ఎన్ని స్పెల్లింగులు?

మన క్లబ్ పాత సంచికలకి ఊళ్ల సూచిక తయారుచేస్తుంటే, శామీర్‌పేట చెరువు మీద వచ్చిన వ్యాసమే అందులోకి రాలేదు. ఫైల్ ఉంది, వ్యాసం ఉంది, స్క్రిప్ట్‌కి మాత్రం కనబడలేదు. కారణం స్పెల్లింగ్. ఒకరు శామీర్‌పేట అని రాస్తే ఇంకొకరు షామీర్‌పేట్, మరొకరు మధ్యలో ఖాళీ వదిలి శామీర్ పేట. మేడ్చల్ నయం, మా సంచికల్లో అందరూ ఒకేలా రాశారు.

అసలు తిరకాసు కంటికి కనబడనిది. ర్, పే కలిసి ‘ర్పే’ అయిపోకుండా మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉంటుంది. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. తెలుగు బ్లాక్ 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకే కాబట్టి, ‘వరసగా తెలుగు అక్షరాలు’ అని వెతికితే ఊరి పేరు రెండు ముక్కలవుతుంది. పైథాన్ రీ మాడ్యూల్‌లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ఇంకా ఘోరం, గుణింతపు గుర్తుల్నీ పొల్లునీ అసలు లెక్కలోకే తీసుకోదు.

పాత స్క్రిప్ట్‌లో ప్యాటర్న్ ఇది:

శామీర్‌?పేట

ప్రశ్నార్థకం పొల్లుకి తగిలినట్టుంది కదా? తగిలింది ఆ కనబడని గుర్తుకి. ఇలాంటిది రాసినవాళ్లు కూడా నెల తర్వాత చదవలేరు. అందుకే ముక్కలు చేసి పేర్లు పెట్టాను. పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు.

మొదలు = "(?:శా|షా)మీర్"
చివర = "పేట్?"
ఊరు = మొదలు + సందు + చివర

సందు అంటే ఖాళీ గానీ ఆ గుర్తు గానీ, ఉంటే ఒకటి. గుర్తుని నేరుగా టైప్ చెయ్యొద్దు, బ్యాక్‌స్లాష్ యూ 200సి అని రాయండి, కనీసం కనబడుతుంది.

‘చివర’లో ప్రశ్నార్థకం ‘ట్’ మొత్తానికి కాదు, పొల్లుకే. రెజెక్స్‌కి ట ఒక క్యారెక్టర్, పొల్లు ఇంకొకటి. మనం అన్నిటినీ ఒకే స్పెల్లింగ్‌లోకి మారుస్తున్నాం కాబట్టి పొల్లుని కూడా పట్టుకోవాలి, లేదంటే మార్చిన పేరుకి అది వేలాడుతుంది. [శష] తర్వాత దీర్ఘం పెడితే పొట్టిగా ఉండేది, కానీ ఆ దీర్ఘం ఒంటరిగా చుక్కల సున్నా ఎక్కి కూర్చుంటుంది. ఇక ?: తీసేస్తే ఫైండాల్ ఊరి పేరు బదులు ‘శా’ ఒక్కటే ఇస్తుంది. నాకో సాయంత్రం దానికే పోయింది.

హ్యూమ్రే లాంటి లైబ్రరీలు చిహ్నాల బదులు ఇంగ్లీషు మాటల పేర్లున్న ఫంక్షన్లు ఇస్తాయి. చదవడానికి హాయి. పొల్లు సంగతి మాత్రం మనమే చూసుకోవాలి.

వారం తర్వాత ఒక కథలో ‘శామీరుపేట’ తగిలింది. ‘మొదలు’ ఒక్కటే మార్చాను:

మొదలు = "(?:శా|షా)మీ(?:ర్|రు)"