హింగారు తరువాత అసీల్ పెంపకం: రంగు కోసం జత కట్టే మెట్ట రైతులకు

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల మెట్ట గ్రామాలలో హింగారు వానలు వెనుకబట్టి, వేరుశనగ కట్టె కళ్లానికి చేరే కార్తీక, మార్గశిర మాసాలే అసీల్ పెట్టలను పొదగవేయడానికి అనువైన కాలం. సాలుకు 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే ఈ ప్రాంతపు వానలో పెద్ద పాలు సెప్టెంబరు, అక్టోబరులలోనే పడుతుంది కనుక, ఆ వెంటనే చేలలో రాలుగింజకు, పురుగుకు, పచ్చికకు కొదవ ఉండదు. గుడ్డులోని పిండం సుమారు 21 డిగ్రీల వేడి దాటగానే మెల్లగా ఎదగడం మొదలుపెడుతుంది కాబట్టి, వేసవిలో ఇంట్లో దాచిన గుడ్డు పెట్ట కిందికి చేరకముందే అరకొరగా పెరిగి చెడిపోతుంది. చలికాలంలో కూడా తడి ఇసుక మీద పెట్టిన గంపలో గుడ్లను ఉంచి, వారం పది రోజులు మించకుండా పొదగవేయడం మేలు.

అసీల్ ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాలకు చెందిన జాతిగా గుర్తింపు పొందింది. ఇంగ్లండులో కార్నిష్ జాతి తయారీకి, దాని ద్వారా నేటి బ్రాయిలర్ కోడికి ఈ రక్తమే ఒక ఆధారం. తెలుగునాట కుక్కుటశాస్త్ర సంప్రదాయం దీని రంగులకు పెట్టిన పేర్లు నేటికీ వాడుకలో ఉన్నాయి: నల్లనిది కాకి, తెల్లనిది సేతు, ఎర్రనిది డేగ, రెక్కల మీద గాని వీపు మీద గాని పసుపు ఈకలున్నది నెమలి, ఎరుపూ బూడిదా కలిసినది మైల, మెడ మీద నలుపు తెలుపు ఈకలు సమంగా ఉన్నది పర్ల, లేత బంగారు వన్నెది అబ్రాసు. పందెంలో ఏ వన్నె ఏ దినాన గెలుస్తుందో చెప్పే ఆ శాస్త్రభాగం పెంపకందారుకు అక్కరలేనిది. పైగా కోడిపందెం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. రంగులను వేరు చేసి పేరు పెట్టిన ఆ చూపు మాత్రం నేటి రైతుకూ పనికివస్తుంది.

రంగు వారసత్వంగా ఎలా దిగుతుందో తెలియక జత కట్టేవారు సాధారణంగా రెండు చోట్ల తడబడతారు. మొదటిది, నలుపు ప్రబల లక్షణం, అనగా తల్లిదండ్రులలో ఒకరి నుండి వచ్చినా పైకి కనిపించేది. కాకి పుంజును డేగ పెట్టతో కలిపితే పిల్లలు ఎక్కువగా నల్లగానే ఎదిగి, పుంజుల మెడ మీద మాత్రమే ఎర్రని ఛాయ తేలవచ్చు; ఎరుపు పోలేదు, దాగింది. ఒక కాకి పుంజులో ఎరుపు దాగి ఉందో లేదో తేల్చుకోవాలంటే దానిని డేగ పెట్టలతోనే కలిపి చూడాలి. ఎరుపు దాగి ఉంటే ప్రతి పిల్లా ఎర్రగా పుట్టే అవకాశం సగం కనుక, వరుసగా ఏడు పిల్లలు నల్లగానే వచ్చినపుడు ఆ పుంజు నిక్కమైన కాకి అని దాదాపు నమ్మవచ్చు. ఎందుకంటే దాగిన ఎరుపున్న పుంజుకు అలా జరగడం 128లో ఒక్కసారి మాత్రమే.

రెండవది తెలుపు. రంగు కోళ్ల జంటకు తెల్లపిల్ల పుడితే పెట్టను అనుమానించనక్కరలేదు. దాగి ఉండే తెలుపు తల్లి నుండీ తండ్రి నుండీ కలిసి వచ్చిన పిల్ల అది. లెగ్‌హార్న్ తెలుపు ఇందుకు భిన్నమైనది, ప్రబలమైనది. ఆ రక్తం ఒకసారి మందలో చేరితే తొలి తరంలోనే రంగులను కప్పివేస్తుంది.

జాతి శుద్ధికి గుర్తుగా అందరూ చూసే బఠానీ జుట్టు, అనగా మూడు చిన్న వరుసల పొట్టి తురాయి, నిజానికి బలహీనమైన సాక్ష్యం. ఈ జుట్టు ప్రబల లక్షణమని జన్యుశాస్త్రవేత్త బేట్సన్ 1902లోనే కోళ్ల మీద నిరూపించాడు. కాబట్టి సంకరపు పిల్లకూ అదే జుట్టు ఉంటుంది. ఊరిలో వనరాజా వంటి పెరటి రకాల పుంజులు తిరుగుతున్నచోట, రెండు మూడు తరాల తరువాత నిలువు రంపపు జుట్టు పిల్ల కనిపించినపుడు గాని కలిసిన రక్తం బయటపడదు. పుంజును మార్చిన తరువాత కూడా పాత పుంజు బీజం పెట్ట ఒంట్లో రెండు మూడు వారాలు నిలుస్తుంది. ఆ మూడు వారాల గుడ్లను వంటకు వాడుకుని, తరువాతి వాటినే పొదగవేయాలి.

ఇంత చెప్పినా, ఎంపికలో రంగుకు ఇవ్వవలసినది చివరి స్థానమే. రంగును మూడు నాలుగు తరాలలో కుదర్చవచ్చు. ఒకే పుంజు సంతానాన్ని తిరిగి తిరిగి కలపడం వల్ల పోయిన పిల్లల బతుకుబలం, పొదుగుడు గుణం, కాలి పటుత్వం మాత్రం బయటి రక్తం తేకుండా తిరిగి రావు. ముందు కాళ్లు, రొమ్ము, పెట్ట తల్లితనం చూసి, ఆ వడపోతలో మిగిలినవాటిలో రంగును ఎంచాలి. అయిదారు పెట్టలకు ఒక పుంజును ఉంచి, ప్రతి సంవత్సరం ఆ పుంజును మరో గ్రామపు పెంపకందారుతో మార్చుకోవడం ఖర్చు లేని ఉపాయం.

పిల్లల మేత విషయంలో ఈ జిల్లాలకు ప్రత్యేకమైన ముప్పు వేరుశనగ చెక్క. కాయ ఊరే దశలో బెట్ట తగిలిన పంటలో ఆస్పర్జిల్లస్ బూజు సులభంగా చేరి, అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినపుడు, కారణం వేరుశనగ పిండిలోనే దొరికింది. ఉడకబెట్టినా ఈ విషం విరగదు. తక్కువ మోతాదులో కూడా కాలేయాన్ని దెబ్బతీసి, టీకా ఇచ్చే రక్షణను తగ్గిస్తుంది. కాబట్టి ముడుచుకున్న, బూజుపట్టిన కాయల చెక్కను మానేసి, కొర్రలు, జొన్న నూకలు, వాటికి తోడు పేడా గోనెపట్టా నింపి బోర్లించిన కుండలో పట్టిన చెదలు పెట్టాలి.

కొక్కెర తెగులుకు మొదటి వారంలో లాసోటా చుక్కలు, ఎనిమిదవ వారంలో ఆర్‌టూబీ సూది, ఈ రెంటికీ మధ్య మశూచి టీకా పశువైద్యుని సలహాతో వేయించాలి. అసీల్ పుంజుపిల్లలు చిన్ననాటనే కలహిస్తాయి కనుక, నాలుగవ నెలకు ముందే వాటిని విడదీసి, ఒక్కొక్కదాని కాలికి తల్లిదండ్రుల గుర్తు ఉన్న రింగు తొడగాలి.