టెర్మినల్‌లో ఓకే, సర్వీస్‌లో ఎర్రర్! జావా లైబ్రరీ పాత్ ఇలా సెట్ చేయండి

మాది సూర్యాపేట. కిందటి వరి సీజన్‌లో మిర్యాలగూడలో ఓ రైస్ మిల్లు కాటాని టామ్‌క్యాట్ సర్వర్‌కి కలిపాను. టెర్మినల్‌లో రన్ చేస్తే బరువు టకటకా వచ్చింది. సర్వీస్‌గా మార్చి కోదాడ బస్సెక్కానో లేదో ఫోన్: "అన్నా, బరువు వస్తలేదు, లారీలు లైన్ కట్టినయ్!"

కోదాడ బస్టాండ్‌లో ల్యాప్‌టాప్ తెరిచి లాగ్ చూస్తే 'అన్‌శాటిస్‌ఫైడ్ లింక్ ఎర్రర్'. కాటా పోర్ట్ చదివే ఆర్‌ఎక్స్‌టీఎక్స్ '.ఎస్ఓ' ఫైల్ దొరకట్లేదు. దాని ఫోల్డర్‌ని నేను 'బాష్ఆర్‌సీ'లో రాశా. సిస్టమ్‌డీ ఆ ఫైల్ జోలికే పోదు కదా!

'సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ టామ్‌క్యాట్' కొట్టి, సర్వీస్ సెక్షన్‌లో 'ఎన్విరాన్‌మెంట్=' తర్వాత ఎల్‌డీ లైబ్రరీ పాత్ ఇవ్వండి. ఫైల్ పేరు కాదు, ఫోల్డర్ పేరు. తర్వాత రీస్టార్ట్. చాలామంది '-డీజావా.లైబ్రరీ.పాత్' వాడతారు. అదీ పనిచేస్తుంది గానీ, డీఫాల్ట్ ఫోల్డర్లను మొత్తం తీసేసి మీరిచ్చినవే ఉంచుతుంది. పైగా ఆ '.ఎస్ఓ'కి ఇంకో '.ఎస్ఓ' కావాలంటే, దాన్ని వెతికేది జావా కాదు, లినక్స్. అందుకే నా ఓటు మొదటిదానికే.

లైబ్రరీ దొరికింది, పోర్ట్ మాత్రం తెరుచుకోలేదు! ఉబుంటులో టామ్‌క్యాట్ యూజర్‌ని 'డయలౌట్' గ్రూప్‌లో చేర్చి మళ్లీ రీస్టార్ట్ చేశా. పది నిమిషాల్లో మొదటి లారీ కాటా దిగింది.